కంప్యూటరు తెర మూలన ఉన్న తేదీ

సత్తెనపల్లిలో లెక్కల ఉపాధ్యాయుడిగా పదవీ విరమణ చేశాక, మా చర్చిలోని పాత కంప్యూటరు బాధ్యతను నాకు అప్పగించారు. గత వేసవిలో నా పూర్వ విద్యార్థిని సలోమి కూతురి పెళ్లి అక్కడే జరిగింది. దర్శిలో మంచం పట్టిన సలోమి తల్లి, మనవరాలి పెళ్లిని వీడియో కాల్‌లోనైనా చూడాలని ఆశపడింది. అందుకు మా కంప్యూటరులో నెట్‌వర్క్ సాఫ్ట్‌వేర్‌ను అప్‌డేట్ చేయాలి.

పెళ్లినాటి ఉదయం ఎంత ప్రయత్నించినా తేదీ సరిచూసుకోమన్న సందేశమే వచ్చింది. క్యాలెండరు చూడనిదే కాఫీ ముట్టని నాకు ఆ మాట చివుక్కుమనిపించింది. గోడ క్యాలెండరు, చేతి గడియారం, ఆనాటి దినపత్రిక పోల్చి చూశాను. అన్నింటిలోనూ ఒకే తేదీ. తప్పు సాఫ్ట్‌వేర్‌దేనని పాస్టరుగారికి తేల్చి చెప్పాను.

బయట బ్యాండు మోగుతుండగా సలోమి హడావిడిగా వచ్చి తెర మూలకు వంగి చూసింది.

"మాస్టారూ, ఇందులో రెండువేల రెండు, జనవరి ఒకటి అని ఉందండీ. దీని లెక్కన మా పిల్ల ఇంకా పుట్టనేలేదు. మరి పెళ్లెవరికండీ?"

ఆరాధన ముగియగానే మెయిన్ స్విచ్ కట్టేయడం మా చర్చి ఆనవాయితీ. తేదీని గుర్తుంచుకునే లోపలి చిన్న బ్యాటరీ అయిపోయినందున, స్విచ్ కట్టేసిన ప్రతిసారీ కంప్యూటరు ఆ పాత తేదీకే వెళ్లిపోతోంది. తేదీ మార్చగానే అప్‌డేట్ పూర్తయింది. ప్రమాణాల వేళకు తెర మీద పెద్దావిడ బోసినవ్వు కనిపించింది.

"లెక్క సరిగ్గా చేసినా, పైన తేదీ వేయలేదని ఏడో తరగతిలో నాకు సున్నా వేశారు. ఇవాళ మీకెన్నండీ?" అంది సలోమి.

ఊరందరి తేదీలూ దిద్దేవాడు ముందు తన ఎదుట ఉన్నదాన్ని చూసుకోవాలని ఆ రోజు తెలిసింది. నియమం అందరికీ ఒకటే కనుక, నాకు నేనే సున్నా వేసుకున్నాను.