తూదా అత్త గిన్నెలో పదిహేడు రాళ్లు

మా తూదా అత్త కింద పనిచెయ్యడం కంటే మేకల్ని వరసలో నిలబెట్టడం తేలిక. మేక కనీసం ఎందుకు రానంటోందో అరిచి చెబుతుంది. మా అత్త అరవదు, తిట్టదు, ఏమీ అడగదు. ఆ అడగకపోవడంతోనే తొమ్మిదేళ్లు మా తిజ్గి ఊరి ఆడవాళ్ల అర్గాన్ నూనె సంఘాన్ని నడిపింది. మా అందరి ప్రాణాలూ తోడేసింది.

సంఘం అంటే ఏదో అనుకునేరు. చచ్చిపోయిన మామయ్య తాలూకు మేకల కొట్టం. సున్నం వేశాం, తలుపు పెట్టాం, బోర్డు రాయించాం. వాన పడితే ఇప్పటికీ మేకల వాసనే. మేం పదిహేడు మందిమి చుట్టూ కూర్చుని, కింద రాయి మీద అర్గాన్ కాయ పిక్క పెట్టి పై రాయితో కొట్టి పప్పు తీస్తాం. ఆ పప్పుని వేయించి, తిరగలి తిప్పి, ముద్దని గోరువెచ్చటి నీళ్లతో పిసికి పిసికి నూనె దింపుతాం. ఆ పిసకడం ఉంది చూశారూ, భుజాలు ఊడి చేతికొస్తాయి.

తలుపు పక్కన గూట్లో ఒక మట్టి గిన్నె, దాని పక్కన బుట్టలో వాగు నుంచి తెచ్చిన నున్నటి గులకరాళ్లు ఉంటాయి. ఏ రోజైనా ఎవరికైనా ఒళ్లు బరువుగా ఉంటే లోపలికొస్తూ ఒక రాయి గిన్నెలో వెయ్యాలి. ఆ రోజు ఆవిడకి రాయి కొట్టే పనీ ఉండదు, తిరగలీ ఉండదు, పిసకడమూ ఉండదు. నీడన కూర్చుని పప్పు ఏరుకోవచ్చు, సీసాలకి చీటీలు అంటించుకోవచ్చు. ఎందుకు వేశావని ఎవరూ అడక్కూడదు. నెలసరి కావచ్చు, కడుపు కావచ్చు, మోకాలు కావచ్చు, రాత్రి మొగుడితో పోట్లాట కావచ్చు. అది రాయికీ ఆవిడకీ మధ్య సంగతి.

ఇంతటితో ఆగితే అత్త ఎందుకవుతుంది? పొద్దున్నే పని మొదలుపెట్టే ముందు అందర్నీ మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కళ్లు మూసుకోమంటుంది. ఎక్కడ బరువుగా ఉందో చూసుకోండి అంటుంది. అలా చూసుకుంటూ కూర్చుంటే అవతల పొయ్యి ఆరిపోతుంది. మాలో అందరికంటే పెద్దది మమ్మాస్ ముసలమ్మ, డెబ్బై దాటింది. బరువు లేని చోటు ఎక్కడో అడుగు తల్లీ, తొందరగా తేలిపోతుంది అని రోజూ గొణుగుతుంది.

ఈ గిన్నె ఎలా పుట్టిందో అత్త ఒక్కసారే చెప్పింది. పదహారేళ్లకి ఈ ఊరి కోడలైంది. మామయ్యది కాసాబ్లాంకాలో కిరాణా కొట్టు. ఏడాదికోసారి పండక్కి వచ్చి, పొట్లాలు దించి వెళ్లిపోయేవాడు. అత్తగారింట్లో మూడో నెల కడుపుతో నూనె పిసుకుతూ ఉండగా ఒళ్లు తేడాగా ఉందని తెలిసింది. చెప్పడానికి సిగ్గు. చెప్పలేదు. ముద్ద మీదే పడిపోయింది. కడుపూ పోయింది, నూనే పోయింది. ఆ అత్తగారు మూడేళ్లు ఏడ్చింది, నూనె గురించే. ఇది చెప్పి అత్త లేచి టీ పెట్టింది. మేమెవరం ఏమీ అడగలేదు. అప్పటికే అలవాటైపోయింది.

ఒకసారి నేను ఆ గిన్నెని మోసం చేద్దామనుకున్నాను. పక్క ఊళ్లో పెళ్లి, తెల్లార్లూ డాన్సు. పొద్దున్నే వచ్చి మూలుగుతూ ఒక రాయి వేశాను. అత్త అడగలేదు. నీడన చాప వేయించింది. నడుము కింద వేడి ఇటుక గుడ్డలో చుట్టి పెట్టింది. మధ్యాహ్నం మెంతులేసిన బార్లీ జావ తనే తెచ్చి, గిన్నె ఖాళీ అయ్యేదాకా ఎదురుగా నిలబడింది. మెంతి జావ వాసనే నాకు పడదు. కాళ్లకి పెట్టుకున్న పెళ్లి గోరింట ఇంకా ఎర్రగా మెరుస్తోంది, అందరికీ కనబడుతోంది. ఒక్కరు నవ్వినా బాగుండేది. సాయంత్రానికి నేనే చేతులు పట్టుకుని అత్తా, నిన్న పెళ్లికెళ్లానని చెప్పబోయాను. తల్లీ, రేపు కూడా బరువుగా ఉంటే రేపు కూడా వెయ్యి అని వెళ్లిపోయింది.

ఇక చెట్ల సంగతి. మా దగ్గర అర్గాన్ కాయ దానంతటది రాలేదాకా అడవికి తాళం. తాళమంటే నిజం తాళం కాదు, పెద్దల మాట. మేకల్ని కూడా తోలరు. కర్రతో కొడితే కాయ రాలుతుంది గానీ, దాని పక్కనే వచ్చే ఏటి పిందె ఆవగింజంత ఉంటుంది, అదీ రాలిపోతుంది. ఇది మా ఊళ్లో పాలు తాగే పిల్లకి కూడా తెలుసు. తెలిసీ అవసరమొచ్చినప్పుడు పెరట్లో చెట్టుకి గుట్టుగా రెండు దెబ్బలు వెయ్యని కొంపా లేదు. మా అత్త మాత్రం వెయ్యలేదు, వెయ్యనివ్వలేదు. చెట్టు కూడా ఆడదే, దానికీ ఒక రాయి ఉంటుంది అంటుంది. వినీ వినీ మాకు చెవుల్లో కాయలు కాశాయి. రాలవలసినవేమో చెట్టు మీదే ఉండిపోయాయి.

కిందటేడు వచ్చిన గొడవకి కారణం నేనే. సంఘం ఫోను నా దగ్గర ఉంటుంది. చదువు నాకు బడిలో అబ్బలేదు, ఫోను మీదే నేర్చుకున్నాను. జూన్ మొదట్లో అగాదిర్ నుంచి ఎవరో పెద్దమనిషి చేశాడు. హోటలుకట, నెలాఖరుకి నూట ఇరవై సీసాలు కావాలిట. మా దగ్గర ఉన్నవి పదకొండు. మూడేళ్లుగా వానలు సరిగా లేవు, పాత పిక్కలు అయిపోయాయి. కొత్త కాయ ఇంకా చెట్టు మీద పసుపు తిరుగుతోంది, జూలై దాకా రాలదు. ఆ మాట చెప్పేదాన్నే. ఈలోగా ఆయన, అమ్మాయ్, అక్కడ నిర్ణయం చెప్పగలిగే మనిషెవరైనా ఉంటే ఫోను ఇస్తావా అన్నాడు. ఆ 'అమ్మాయ్' నాకు గుచ్చుకుంది.

"నేనే చెప్పగలను. తయారైపోతాయి, పంపిస్తాం" అన్నాను.

ఫోను పెట్టేశాక గాని ఉన్న పదకొండు సీసాలూ మళ్లీ లెక్కపెట్టలేదు.

ఊళ్లో వేడి గాలికంటే తొందరగా పాకింది ఆ మాట. కొడితేనే కాయ. కొట్టి ఆరబెట్టడానికి పదిహేను రోజులు, ఆ తర్వాత రాత్రింబవళ్లు పిసికితే సీసాలు. కొడదామన్న వాళ్లకి ముందు నిలబడింది కెల్తూమ్. అత్తకి తోడికోడలే, మరిది పెళ్లాం, ముప్పై నాలుగేళ్లు, నాలుక మీద తేలు. అందరం టీ తాగుతుండగా ఎత్తుకుంది.

"మూడేళ్లుగా వాన లేదక్కా. ఈ బేరం పోతే మళ్లీ మన గుమ్మం తొక్కేవాడు లేడు. మన చెట్లే కదా, ఒక్క ఏడాది."

"చెట్టు ఇంకా ఇవ్వలేదు" అంది అత్త.

"ఓహో. ఎప్పుడడిగావు దాన్ని?"

"అడగలేదు. చూశాను."

"చెట్టు నడుం నొప్పి కూడా నీకు కనబడుతుంది, మా పొయ్యిలో పిల్లి కనబడదు."

అత్త ఎడం చేత్తో టీ పోసింది. కొన్నాళ్లుగా ఎడం చేత్తోనే పోస్తోంది. కుడి మణికట్టు మీద దళసరిగా గోరింట పట్టించి గుడ్డ చుట్టుకుంటోంది. ఎవరికి పెళ్లికూతురివి అత్తా అని నేనొకసారి వేళాకోళం చేశాను కూడా. ఎడం చేత్తో టీ పొయ్యడం మా దగ్గర మర్యాద కాదు. కెల్తూమ్ ఆ గ్లాసు ముట్టుకోలేదు. గురువారం మధ్యాహ్నం అందరి మాటా తీసుకుందాం, ఓడినవాళ్లు నోరు మూసుకోవాలి, ఓడితే అధ్యక్షురాలు దిగిపోవాలి అంది. అత్త సరేనంది. వాదించొచ్చు కదా, ఏడవొచ్చు కదా, తొమ్మిదేళ్లు నా కొట్టంలో కూర్చున్నారని దెప్పొచ్చు కదా. సరేనంది, గ్లాసులు కడుక్కుంది.

గురువారం ఒక్కొక్కరికీ రెండు పిక్కలు ఇచ్చారు. కొట్టాలనేవాళ్లు పగలగొట్టని పిక్క సంచిలో వెయ్యాలి, వద్దనేవాళ్లు పగిలిన పిక్క. రెండోది గుప్పిట్లోనే దాచుకుని పోవాలి. నేను సంచిలో చెయ్యి పెట్టేసరికి చెవిలో ఆ అగాదిర్ పెద్దమనిషి గొంతే. నూట ఇరవై సీసాలు రాకపోతే నా మాటకి విలువేముంది? నా వేళ్లు పగలని పిక్కనే వదిలాయి.

సంచి బోర్లించి లెక్కపెట్టారు. పగలనివి తొమ్మిది, పగిలినవి ఎనిమిది. మళ్లీ లెక్కపెట్టమని నేనే అన్నాను, పిచ్చిదానిలా. మళ్లీ అంతే.

అత్త మెళ్లో తాడుకున్న తాళంచెవి తీసి కెల్తూమ్ ముందు పెట్టింది. శనివారం పొద్దున్న కర్రలతో రమ్మని కెల్తూమ్ అందరికీ చెప్పింది. అత్త తన కింద రాయి ఎత్తుకుని, అధ్యక్షురాలి చోటు నుంచి మమ్మాస్ ముసలమ్మ పక్కకి మారింది. ఆ రాయి ఎత్తేటప్పుడు రెండు సార్లు జారింది.

శుక్రవారం రోజంతా నాకు ఒకటే లెక్క. ఆ ఎనిమిది మందిలో నేనూ ఉంటే తొమ్మిది అయ్యేది. ఈ లెక్క ఎవరికీ తెలియదు, నాకు తెలుసు. తెలిసిన పాపానికి ఏం చెయ్యాలో తెలియలేదు. నాకు చేతనైన విద్య ఒక్కటే, కోతి పని.

కొట్టానికి రెండో తాళంచెవి నా దగ్గరే ఉంటుంది, పొద్దున్న పొయ్యి వెలిగించేది నేనే కాబట్టి. శనివారం తెల్లారి నమాజు పిలుపు కాగానే వెళ్లాను. బుట్టలోంచి రాళ్లు తీసి గిన్నెలో వేశాను. ఒకటి, రెండు, మూడు. నాది కూడా కలిపి పదిహేడు. గిన్నె అంచుదాకా నిండింది. తర్వాత ఏమీ ఎరగనట్టు పొయ్యి ముందు కూర్చుని ఊదాను.

ముందు కెల్తూమ్ వచ్చింది, భుజం మీద పొడుగాటి రెల్లు కర్ర. గూట్లోకి చూసి ఆగిపోయింది. వేలితో రాళ్లు కదుపుతూ లెక్కపెట్టింది. పదిహేడు వచ్చినట్టుంది, మళ్లీ మొదలెట్టింది. తన రాయి తను వెయ్యలేదని ఆవిడకి తెలుసు కదా. అంటే ఇది ఎవరిదో ఆట అని తెలిసిపోయినట్టే. నా వైపు తిరిగి నోరు తెరిచింది. అడక్కూడదని రూలు. నోరు మూసుకుంది. నేను పొయ్యి ఊదుతూనే ఉన్నాను, కళ్లమ్మట నీళ్లు, పొగ వల్లే.

తర్వాత ఒక్కొక్కరే వచ్చారు. నేననుకున్నది ఏమిటంటే, రాగానే నాది కాదు అని తలో రాయి తీసేస్తారు, కాసేపు గోల, నాకు నాలుగు చీవాట్లు, అంతే. అలా జరగలేదు. ఒక్కొక్కరూ గిన్నె వైపు చూస్తారు, కెల్తూమ్ వైపు చూస్తారు, కర్ర గోడకి ఆనించి నీడన చతికిలబడతారు. నాది కాదని ఒక్కరూ అనలేదు. కొట్టాల్సిందేనని వారం నుంచి అరిచినవాళ్లు కూడా చెంగుతో మొహం తుడుచుకుని కూర్చున్నారు. మమ్మాస్ ముసలమ్మ మాత్రం, నా లెక్కన నాకు రోజూ ఒకటి వెయ్యాలి, ఇన్నాళ్లకి ఎవరికో బుద్ధి పుట్టింది అంది.

ఆఖర్న అత్త వచ్చింది. గిన్నె చూసింది. ఒక రాయి తీసి బుట్టలో వేసింది.

"ఇందులో నాది లేదు. నేను బాగానే ఉన్నాను."

నాకు గోడకేసి తల బాదుకోవాలనిపించింది. నీకోసమే కదే తల్లీ ఇదంతా, కాస్త నోరు మూసుకుని కూర్చోలేవా? కూర్చోలేదు. ఓడినదాన్ని ఓడినట్టే ఉంటాను, కర్ర పట్టను, పిక్కలు కొట్టుకుంటాను అని తన రాళ్ల దగ్గరికి పోయింది. పై రాయి కుడి చేత్తో తీసింది. అది పిక్క మీద పడలేదు, పక్కన పడింది. మళ్లీ తీసింది. మణికట్టు గుడ్డ జారింది. గోరింట కింద చెయ్యి వంకాయలా ఉబ్బి ఉంది.

కెల్తూమ్ లేచింది. బుట్టలోంచి రాయి తీసి అత్త కళ్లముందే మళ్లీ గిన్నెలో వేసింది.

"నేను నిన్ను అడిగానా?" అంది అత్త.

"అడగలేదక్కా. నేనూ నిన్ను అడగలేదు. చూశాను."

కెల్తూమ్ అత్త చేతిలో రాయి లాక్కుని, చీటీల కట్ట ఒళ్లో పెట్టింది. తర్వాత తన నడుము మీద చెయ్యి వేసుకుని గోడకున్న కర్రల్ని చూసింది. తను వెయ్యకుండానే తన పేరున పడ్డ రాయి ఇంకా గిన్నెలోనే ఉంది. తియ్యలేదు. ఫోను కలపవే అంది నాతో.

అగాదిర్ పెద్దమనిషికి నేనే కలిపాను, మాట్లాడింది ఆవిడ. నూనె లేదండీ, ఆగస్టు తర్వాత చూడండి అంది. అవతల ఆయన ఎందుకని గట్టిగానే అడిగాడు.

"మా ఆడవాళ్లకి ఒంట్లో బాలేదండీ. అవును, పదిహేడు మందికీ. చెట్లకి కూడానండీ."

ఆయన ఫోను పెట్టేశాడు. మళ్లీ చెయ్యలేదు. ఆ బేరం పోయింది, మళ్లీ తిరిగి వస్తుందని ఎవరూ అనుకోలేదు. కాయలు జూలైలో రాలాయి, ఒంగి ఏరుకున్నాం. చలికాలం ఇరుకుగానే గడిచింది. కెల్తూమే అధ్యక్షురాలు. ఆగస్టు నుంచి రోజూ తన రాయి తనే వేసేది. చలికి ముందు కడుపు కనబడ్డాక గాని ఎందుకో మాకు తెలియలేదు, చలికాలం చివర పిల్ల పుట్టింది. పొద్దున్నే మోకాళ్ల మీద చేతులు పెట్టుకోమనడం ఆవిడా మానలేదు, పైగా అత్త కంటే ఎక్కువసేపు. మా ఖర్మ.

అత్త చెయ్యి సగం నయమైంది. చీటీలు అంటిస్తుంది, ఒక్కటీ తిన్నగా ఉండదు. రోజూ ఎడం చేత్తో నాకు టీ పోసి ఇస్తుంది, గ్లాసు పట్టుకునేదాకా నా మొహమే చూస్తుంది. ఆ రాళ్లు ఎవరు వేశారో అడగలేదు. ఆ తొమ్మిదో పిక్క ఎవరిదో అడగలేదు. అడిగితే రెండూ ఒక్క గుక్కలో కక్కేసి హాయిగా నిద్రపోదును. తల్లీ, టీలో పుదీనా చాలిందా అంటుంది.