ఉన్నదంతా చెప్పమన్న ఓవెన్ సార్

బక్రీదు దగ్గరపడితే రియాద్‌ మలాజ్ పేటలో మా వీధి చివర సిగ్నల్ దగ్గర గొర్రెల లారీలు ఆగుతాయి. కారు అద్దాలు మూసివున్నా ఆ ఉన్ని వాసన, పెంట వాసన లోపలికి వచ్చేస్తాయి. పక్కన కూర్చున్న మా ఆవిడ ముక్కుకు ముసుగు అడ్డం పెట్టుకుంటుంది. నాకు మాత్రం ఓవెన్ సార్ గుర్తొస్తారు.

ఆయన ఆస్ట్రేలియా పశువైద్యుడు. సౌదీలోనే దమ్మాం రేవులో ఓడల నుంచి దిగే గొర్రెలను కొన్నాళ్లు ఉంచి పరీక్షించే దొడ్డికి అధికారి. నేను మదనపల్లె నుంచి వెళ్లి ఆయన దగ్గర డ్రైవరుగా చేరాను. ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు, కాస్త ఇంగ్లీషు. అరబ్బీ అక్కడే పట్టుబడింది. అందుకని బండి నడపడం కన్నా మాటలు అటూ ఇటూ చేరవేసే పనే ఎక్కువైంది. ఆయన నవ్వడం తక్కువ. మెచ్చుకోవడం ఇంకా తక్కువ.

సద్దాం సేనలు కువైట్‌లోకి వచ్చిన ఆ ఆగస్టులో, సరిహద్దు పోలీసులు ఒక లారీ గొర్రెలనూ, వాటితోపాటు ఒక మనిషినీ మా దొడ్డికి తెచ్చారు. కువైట్ ఎడారిలోంచి మందను తోలుకొచ్చాడట. గొర్రెల చెవులకు ఎవరిదో గుర్తు ఉంది, ఇతని దగ్గర ఒక్క కాగితమూ లేదు. గొర్రెలను మాకు అప్పగించి, మనిషిని జైలుకు తీసుకుపోతారు.

"దొంగ. తనే ఒప్పుకున్నాడు," అన్నాడు పోలీసు అధికారి.

"ఏ భాషలో అడిగారు?" అన్నారు ఓవెన్ సార్.

"అరబ్బీలోనే. అన్నింటికీ 'ఐవా, ఐవా' అన్నాడు."

ఐవా అంటే అవునని. ఆ మనిషి గోడ నీడలో గొంతుక్కూర్చుని ఉన్నాడు. పెదవులు పగిలి నెత్తురు గడ్డకట్టి ఉంది. ఏ ఊరని హిందీలో అడిగాను. "జగిత్యాల దిక్కు," అన్నాడు. నేను తెలుగులోకి మారేసరికి నా మోచేయి పట్టుకుని ఇక వదల్లేదు. పేరు మల్లయ్య.

"ఎందుకట్లా ఒప్పుకున్నావు?"

"మా కఫీలు ఏమన్నా ఐవా అనుడే అలవాటన్నా. వీళ్లేం అడిగిన్రో నాకెర్క లేదు," అన్నాడు. కఫీలంటే అతని యజమాని. "లడాయి మొదలైందని కఫీలు పెండ్లాం పిల్లల్ని కారుల ఎక్కించుకొని పొయిండు. నీళ్ల టాంకరు బందైంది. ఆడనే ఉంటె గొర్లు సస్తయని ఇటు తోలుకొచ్చిన. తొవ్వల ఆకలైతే రెండు కోసుక తిన్న. ఒకటి నీళ్లకిచ్చిన."

నేను సార్‌కు ఇంగ్లీషులో అంతా చెప్పాను. "ఆ తిన్న సంగతి పోలీసులకు చెప్పకుండా వదిలేస్తాను సార్. చెబితే ఇతని మెడకే చుట్టుకుంటుంది," అన్నాను.

ఆయన గొర్రెల వైపు చూస్తూ చెప్పారు. "మా తాతకు తాత వేల్స్ కొండల్లో కాపరి. ఒక గొర్రెను దొంగిలించాడు. నిజంగానే దొంగిలించాడు. కోర్టు ఇంగ్లీషులో జరిగింది, ఆయనకు వెల్ష్ తప్ప రాదు. ఉరి వేయమన్నారు, తర్వాత శిక్ష తగ్గించి ఆస్ట్రేలియాకు పంపమన్నారు. తనను ఎక్కడికి తీసుకుపోతున్నారో ఓడెక్కాక తోటి ఖైదీ చెబితే తెలిసింది. భార్యాబిడ్డలను మళ్లీ చూడలేదు. ఎందుకు దొంగిలించాడో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. అడిగినవాడు లేడు." తర్వాత నా వైపు తిరిగారు. "ఏం చెప్పాలో అతను తేల్చుకున్నాడు. నువ్వు ఉన్నదంతా చెప్పు."

మల్లయ్యను మళ్లీ అడిగాను. "జెప్పు. తిన్న గద," అన్నాడు.

చెప్పాను. అధికారి కఫీలు పేరు అడిగాడు. మల్లయ్య తండ్రి పేరుతో, తెగ పేరుతో సహా చెప్పాడు. "యజమాని దొరికేదాకా ఇక్కడే ఉండనీ. పారిపోతే జవాబుదారీ నీదే," అన్నాడు అధికారి ఓవెన్ సార్‌తో. ఆ నిజానికి మెత్తబడ్డాడో, ఆ ఎండలో ఇంకో ఖైదీని మోసుకుపోవడానికి విసుగేసిందో ఇప్పటికీ చెప్పలేను.

చలికాలంలో యుద్ధం మా నెత్తిమీదికి వచ్చింది. సైరన్ మోగితే ముగ్గురం మేత గదిలో కూర్చునేవాళ్లం. ఆస్ట్రేలియా వాళ్లు చాలామంది వెళ్లిపోయారు, ఓవెన్ సార్ వెళ్లలేదు. కారణం అడిగితే, ఓడలో గొర్రెలు వస్తున్నాయి కదా అన్నారు.

యుద్ధం ఆగాక కఫీలు వచ్చాడు. సలాములు పూర్తికాకముందే మల్లయ్య మూడు వేళ్లు చూపించి, తగ్గిన గొర్రెల సంగతి నాతో చెప్పించాడు. ఆ ముసలి కఫీలు మందను ఒకసారి చూసి, "మూడేనా? నాకు ఇల్లే మిగల్లేదు," అంటూ నీళ్లతొట్టి గట్టుమీద కూలబడ్డాడు. ఆ తర్వాత కారులోంచి మల్లయ్య పాస్‌పోర్టు తెచ్చి ఇచ్చాడు. పారిపోయేటప్పుడు సొంత కాగితాలతోపాటు దాన్నీ తెచ్చుకున్నాడట. కొద్దిరోజులకు మల్లయ్య ఎగ్జిట్ వీసా మీద ఇంటికి వెళ్లాడు.

మరికొన్నేళ్లకు ఓవెన్ సార్ కూడా వెళ్లిపోయారు. విమానాశ్రయంలో చేయి కలిపి, "డ్రైవరుగా నువ్వు అంతంతమాత్రమే. ఈ మాటల పనే చూసుకో," అన్నారు. ఆయన నోట నేను విన్న మెచ్చుకోలు అదొక్కటే.

అదే చూసుకున్నాను. రియాద్‌లో కూలీల తగవులకు దుబాసీగా వెళుతుంటాను. మొన్న మేస్త్రీ కొట్టాడని కేసు పెట్టిన నిజామాబాద్ కుర్రవాడొకడు, అతని మీద ముందు చేయెత్తింది తనేనని విచారణలో అనేశాడు. చెప్పమంటావా అని అడిగి, చెప్పాను. కుర్రవాడు కేసు ఓడిపోయాడు. బయటికొచ్చాక, "గది జెప్పకుంటె మంచిగుండు గదన్నా," అన్నాడు. బస్సులో నా పక్క సీటు ఖాళీగా ఉన్నా వెనక్కి పోయి కూర్చున్నాడు. అలాంటి రోజుల్లో నాకు అన్నం సయించదు. అయినా మర్నాడు వెళ్లి, ఎవరు ఏమంటే అదే చెబుతాను.