నస్రీన్ చూసింది నిజమే

ఇన్నేళ్లుగా నేనొక అబద్ధాన్ని మోస్తున్నాను. పెద్దదేం కాదు, ఒక్క మాట. కానీ దాని కింద ఒక మనిషి చదువు నలిగిపోయింది. ఇంట్లోవాళ్లకు చెప్పలేదు. నా దగ్గర చదువుకునే పిల్లలకు అసలే చెప్పలేదు. మీరు నన్ను ఎరగరు కాబట్టి మీకు చెప్పడం తేలికనుకున్నాను. మొదలుపెట్టాక తెలుస్తోంది, తేలికేం కాదు.

మాది సత్యవేడు వైపు. సేద్యం చేసుకునే కుటుంబం. తిరుపతిలో కెమిస్ట్రీ పరిశోధనకు చేరినప్పుడు నాతోపాటు చేరిన అమ్మాయి నస్రీన్. వాళ్లది చిత్తూరు. వాళ్ల నాయన బజారులో కుట్టుమిషన్లు బాగుచేసేవాడు. ఇంట్లో ఉర్దూ మాట్లాడుకునేవాళ్లు, నాతో మాత్రం అచ్చం మా చిత్తూరు తెలుగే, పేరు పెట్టకుండా మావైపు ఆడవాళ్లలా ‘మే’ అని పిలిచేది. హాస్టల్లో ఒకే గది మాది. నాకు జ్వరమొస్తే గంజి కాచి తెచ్చేది. ఇది మొదటే చెప్పాలి. నేను అన్యాయం చేసింది ఎవరో దూరపు మనిషికి కాదు.

మా సార్ పనిచేసేది మైక్రోఫ్లూయిడిక్స్ మీద. పేరు బరువే గాని సంగతి చిన్నది. అగ్గిపెట్టెంత చిప్. మెత్తటి, అద్దంలాంటి రబ్బరులో వెంట్రుకంత సన్నటి కాలువలు. బీకరులో చేసే రసాయన చర్యను ఆ కాలువల్లో చేస్తాం. ఒక కాలువలో నూనె, మరో కాలువలో నీళ్లు వదిలితే, రెండూ కలిసేచోట నూనె ఆ నీటిధారను తుంచుతూ పోతుంది. ఒకే కొలత చుక్కలు ఒకదాని వెనక ఒకటి వరసగా వస్తాయి. ప్రతి చుక్కా ఒక బుల్లి పరీక్షనాళిక.

నస్రీన్ ఆ చుక్కల్లో వెండి రేణువులు తయారుచేసేది. బీకరులో చేస్తే రేణువు ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. నిన్నటి రంగు ఇవాళ రాదు. ఆమె చుక్కల్లో మాత్రం అన్నీ ఒకే తీరు. మైక్రోస్కోపు కింద పసుపు రంగు చుక్కలు బారులు తీరి వెళ్తుంటే, ల్యాబులో ఉన్నవాళ్లందరినీ పిలిచి చూపించేది. నేనూ చూశాను. ఒకసారి కాదు, ఎన్నోసార్లు చూశాను.

చిప్పులు చేయడం నా పని. అచ్చులో రబ్బరు పోసి, గట్టిపడ్డాక ఒలిచి, దాన్ని అతుక్కునేట్టు చేసే ప్లాస్మా యంత్రంలో పెట్టి, అదే రబ్బరు పూసిన గాజుపలకకు అతికించేదాన్ని. ఆ యంత్రంలోంచి వచ్చిన రబ్బరు నీటిని పట్టుకుంటుంది. మాకు కావలసింది నీటిని దగ్గరికి రానివ్వని గోడలు. అందుకని అతికించిన చిప్పుల్ని రాత్రంతా ఓవెన్‌లో ఉంచాలి. ఉంచకపోతే చుక్కలు గోడకు అంటుకుపోతాయి. వెండి అక్కడే పేరుకుని నల్లబడుతుంది. ఈ సంగతి మా ఇద్దరికీ బాగా తెలుసు. సార్‌కు అంతగా పట్టదు. ఆయనకు ఫలితం కావాలి, చిప్ ఎలా తయారైందో అక్కర్లేదు.

పని ఎంతవరకు వచ్చిందో చూడటానికి బయటనుంచి నిపుణులు వచ్చే రోజు దగ్గరపడింది. వాళ్లు బాగుందంటేనే నస్రీన్ ఫెలోషిప్ ముందుకు సాగుతుంది. ముందురోజు మధ్యాహ్నం సార్ మమ్మల్నిద్దర్నీ పిలిచి, రాయబోయే పేపర్లో నస్రీన్ పేరు మొదట ఉంటుందని చెప్పారు. అందులో అన్యాయమేమీ లేదు. ఆలోచన ఆమెది, కష్టం ఆమెది. అయినా నా మొహం మాడిపోయింది. చిప్పులు లేకపోతే చుక్కలెక్కడివి అనుకున్నాను. సాయంత్రం కావలసిన పని వదిలేసి, తలనొప్పని చెప్పి గదికి వెళ్లి ముసుగు తన్నాను.

పొద్దున్నే లేచి పరిగెత్తి, గబగబా రెండు చిప్పులు అతికించి బల్లమీద పెట్టాను. ఇంకా సిరంజి పంపులు సర్దుతూనే నస్రీన్ అడిగింది.

“ఓవెన్లో పెట్టినావు కదా మే?”

“పెట్టినా.”

“రాత్రంతా?”

“రాత్రంతా ఆడనే ఉండాయి. నువ్వు కానీ.”

అంతే. ఆమె ఇంకేమీ అడగలేదు. నా మాట మీద ఆమెకు అంత నమ్మకం.

ఎందుకలా అన్నాను? లేదని చెప్పి ఉంటే ఏమయ్యేది? నస్రీన్ తిట్టేది. వచ్చినవాళ్లకు ల్యాబులో ఇంకెవరి పనో చూపించి, ఇది రేపు చూపిస్తామని సార్ చెప్పుకునేవారు. ఇంతే కదా. తిట్లకు భయపడ్డానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. భయమనుకుంటే కాస్త మర్యాదగా ఉంటుంది. భయపడ్డవాళ్లను లోకం జాలిగా చూస్తుంది, నేనూ నన్ను అలాగే చూసుకుంటూ బతకొచ్చు. కానీ ఆ పంపు తిరగడం మొదలైనప్పుడు నాలో ఉన్నది భయమొక్కటే కాదు. ఏమవుతుందో చూడాలన్న ఆత్రం కూడా ఉంది. దాని పేరేమిటి?

మొదట నాలుగు చుక్కలు బాగానే వచ్చాయి. తర్వాత ఒకటి గోడకు అంటుకుంది. దాని వెనకది దానిమీద పడి పగిలింది. చూస్తుండగానే కాలువ పొడవునా నల్లటి చార పాకింది. నస్రీన్ చిప్ మార్చింది. రెండోదీ అంతే.

వచ్చినవారిలో ఒక పెద్దాయన ఆమె తీసిన చుక్కల ఫొటోలు తిరగేస్తూ, “వీటిని ఎన్నింటిలోంచి ఏరుకున్నావమ్మా?” అని మెత్తగా అడిగారు.

“ఏరలేదు సార్. ఎప్పుడు చేసినా ఇట్లే వస్తాది” అంది నస్రీన్. నావైపు చూసింది. నువ్వు చూశావుగా, చెప్పు, అన్నట్టు.

నేను తల దించుకుని సిరంజి తుడుస్తూ ఉండిపోయాను.

ఆ చూపు సంగతి మీకు ఎలా చెప్పాలో తెలియడం లేదు. పొద్దున చెప్పింది అబద్ధం. తల దించుకోవడం అంతకన్నా ఘోరం. అప్పుడైనా నోరు తెరవాల్సింది.

ఆమె ఫెలోషిప్ ఆగిపోయింది. సార్ ఆమెను కసరలేదు, పలకరించడం మానేశారు. కొద్ది రోజులకే వాళ్ల నాయన వచ్చి పెట్టె సర్దించి తీసుకెళ్లాడు. బస్సెక్కేముందు కూడా నస్రీన్ తననే తప్పుపట్టుకుంది, నూనె పాళ్లు ఎక్కడో తేడా కొట్టాయేమోనంది. నేను ఆమె సంచి పైకి అందించాను.

తర్వాత సార్ ఆ పని నాకిచ్చారు. చిప్పులు రాత్రంతా ఓవెన్‌లో పెట్టాను. పసుపు చుక్కలు వచ్చాయి, రోజూ వచ్చాయి. “ఆ అమ్మాయికి ఓపిక లేకపోయిందమ్మా” అన్నారు సార్. అవునన్నట్టు తలాడించాను. పేపర్లో నా పేరే మొదట పడింది. చిప్పులను వేడిచేసి వాడామని అందులో ఒక వాక్యం రాశాను. ఆ పేపర్లో ప్రతి వాక్యమూ నిజమే. ఎవరూ వేలెత్తి చూపలేరు. దాంతోనే డాక్టరేట్ వచ్చింది, దాంతోనే కాలేజీలో ఉద్యోగం వచ్చింది. ప్రయోగం చేసేటప్పుడు నిజాయితీ ముఖ్యమని పిల్లలకు చెబుతుంటాను. గొంతు తడబడదు. అదే నాకు భయం.

మూణ్ణాలుగేళ్ల కిందట శ్రీకాళహస్తి బస్టాండులో నస్రీన్ కనిపించింది. సూళ్లూరుపేట దగ్గర ఒక ఫ్యాక్టరీలో సరుకు నాణ్యత పరీక్షించే విభాగంలో పనిచేస్తోందట. చేయి పట్టుకుని కూర్చోబెట్టుకుంది. నా ఉద్యోగం సంగతి విని నిజంగానే సంతోషించింది. తర్వాత నవ్వుతూనే అంది:

“నేను మాత్రం మారలా మే. ఇప్పుటికీ ఏది కొలిసినా పక్కనోళ్లని పిలిసి ఒకసారి సూడమంటా. నా కండ్ల మీద నాకే నమ్మకం పోయిండాది.”

చదువు పోయిందనే ఇన్నాళ్లూ అనుకున్నాను. పోయింది చదువొక్కటే కాదని అప్పుడు తెలిసింది. చెప్పడానికి నోరు తెరిచాను. బస్సొచ్చింది. బస్సు రాకపోతే చెప్పేదాన్నా? చెప్పేదాన్ని కాదు. మీ దగ్గర కూడా బస్సును సాకుగా చెప్పుకోను.

నా కండ్ల మీద నాకే నమ్మకం పోయిందన్న ఆ మాట అప్పటినుంచి నన్ను వదల్లేదు. కిందటి ఆదివారం సూళ్లూరుపేట వెళ్లాను. బస్టాండులో ఆమె ఇచ్చిన నంబరుకు ఫోన్ చేసి అడ్రసు అడిగితే, తప్పకుండా రమ్మని దారి చెప్పింది. కూర్చోకుండానే చెప్పేశాను, గుమ్మం పక్కన నిలబడి. ముసుగు తన్నిన సాయంత్రం, పొద్దున హడావుడి, నేను చెప్పిన మాట, దించుకున్న తల, అన్నీ చెప్పాను. ఆమె చివరిదాకా విన్నది.

“ఎందుకు మే?” అంది.

భయపడి అని చెప్పడానికే ఇంటినుంచి బయల్దేరాను. దారి పొడవునా అదే మాట సిద్ధం చేసుకున్నాను. నోటివెంట వచ్చింది వేరే.

“ఓర్వలేక.”

లోపల కుక్కర్ కూత వేస్తే వెళ్లి స్టవ్ కట్టేసి వచ్చింది.

“ఆ పొద్దు నాకు తెలుసు, నా పనిలో తప్పు లేదని. తెలిసే నీ పక్క సూసినా” అంది. “తర్వాత తర్వాత నేనే మరిసిపోయినా. సార్‌కు చెప్పినావా?”

“ఇంకా లేదు.”

“చెప్పు. పేపర్ అచ్చేసినోళ్లకీ చెప్పు. మళ్లా నాకాడికి రావద్దు మే.”

తలుపు వేసింది. విసురుగా కాదు. ఎవరైనా వెళ్లిపోయాక వేసుకునేట్టే వేసింది.

క్షమించమని అడగలేదు నేను. అడిగే హక్కు ఉందనుకోను. మర్నాడు సార్ ఇంటికి వెళ్లి చెప్పాను. రిటైరైపోయారు. విని, కళ్లజోడు తీసి, “ఆ అమ్మాయిని ఒక్కమాటైనా అడగనీయకుండా చేశావమ్మా” అన్నారు. పేపర్ వేసిన పత్రికకు కూడా ఉన్నదున్నట్టు రాసి పంపాను. వాళ్లేం చేస్తారో, నా ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు. ఏం జరిగినా నస్రీన్ పోగొట్టుకున్న ఏళ్లు తిరిగిరావు.

నేను ఓర్వలేక ఆమెను ముంచాను. ఇంతకాలం నాకు నేను కూడా చెప్పుకోని ఈ మాట ఇప్పుడు నస్రీన్‌కు తెలుసు, సార్‌కు తెలుసు, పత్రికవాళ్లకు తెలుసు, మీకూ తెలుసు. బరువేమీ తగ్గలేదు. ఒంటరిగా మోయడం మాత్రం అయిపోయింది.