నవ్వుడు అయినంక చెప్పు

జగిత్యాల కాలేజీ ల్యాబులో ఉల్లిపొర ఒలిచి, దాని మీద ఎర్ర రంగు చుక్క వేసిన ప్రతిసారీ నాకు సుగుణక్క గుర్తొస్తుంది. వేలికొసలు ఎర్రబడతాయి, కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. ఆ నీళ్ళు ఉల్లిగడ్డవి. జ్ఞాపకాలకు అంత ఘాటు ఉండదు. ఇలా మొదలుపెడితే చదివేవాళ్ళు కంగారు పడతారు కాబట్టి ముందే చెబుతున్నాను, సుగుణక్కకు ఏమీ కాలేదు. పెళ్ళి చేసుకుని ధర్మపురిలో ఉంటోంది. ఫోన్ ఎత్తదు, అంతే.

సిరిసిల్లలో మాకు పక్కిల్లు. మా వాడలో డిగ్రీ చదివిన మొదటి మనిషి, ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పేది. మా బాపు మరమగ్గాల షెడ్డులో పనిచేస్తాడు, అమ్మ బీడీలు చుడుతుంది. నా ఇంటర్ అయిపోయేసరికి, తర్వాత ఏం చదవాలో మా ఇంట్లో ఎవరికీ తెలియదు, అభిప్రాయం మాత్రం అందరికీ ఉంది. వాడలో పద్ధతి ఒకటే. పిల్లలంతా ఒకే ఆటోలో ఇంటర్నెట్ సెంటరుకు పోతారు. అక్కడి అతను మొదటివాళ్ళకు ఏ కోర్సు నొక్కితే మిగతావాళ్ళకూ అదే నొక్కుతాడు. అలా మా వాడంతా బీకాం కంప్యూటర్స్ అయింది. పేరులోనే కంప్యూటర్ ఉంది, ఇంకేం కావాలి. నేనూ ఆ ఆటో ఎక్కి కూర్చున్నాను. సుగుణక్క వాకిట్లోంచి అడిగింది.

"నీకేం సదవాల్నని ఉన్నదే?"

"ఫ్యాన్ కింద కూసోవెట్టి ఏది జెప్పినా సదువుత అక్కా."

ఆటో అంతా నవ్వింది. ఆమె కూడా నవ్వింది. నవ్వు ఆగేదాకా ఆగి, "ఆఁ, నవ్వుడు అయినంక చెప్పు" అంది.

నా దగ్గర రెండో జోకు లేదు. దిగిపోయాను.

"నన్నెవ్వలు అడుగలే," అంది ఆటో వెళ్ళిపోయాక. "బస్సు దొరికే కాలేజి, సీటు మిగిలిన గ్రూపు. గంతే. బతుకు ఆగమేం గాలే గని, అడిగితె ఏం జెప్పేదాన్నో ఇప్పటికీ తెల్వది."

దరఖాస్తుకు గడువు ఇంకా మిగిలి ఉంది. మరునాడు నన్ను కోరుట్లకు తీసుకెళ్ళి, తెలిసిన లెక్చరరును బతిమాలి, కామర్స్ తరగతిలో వెనక బెంచీ మీద కూర్చోబెట్టింది. నిద్రపోయాను. "మంచిగైంది, ఒకటి తెలిసింది" అంది. ఆ మర్నాడు సిరిసిల్లలో జగిత్యాల బస్సు ఎక్కించింది. సన్నగా ముసురు. కొడిమ్యాల దాటుతుంటే అద్దం మీద నీళ్ళు జారి, బయట పొలాలన్నీ కరిగి పారుతున్నట్టున్నాయి. సగం నిద్రలో ఎక్కడికి పోతున్నానో కూడా మరిచిపోయాను.

ఇంటర్‌లో నేను సూక్ష్మదర్శినిని కాగితం మీద గీశానే తప్ప చూడలేదు. బొమ్మకు మార్కులు బాగానే పడ్డాయి. ఇక్కడ, కాలేజీ బాటనీ ల్యాబులో, ఒక సీనియర్ దాన్ని నా ముందుకు జరిపి చూడమంది. ఎర్రటి గదులు, పక్కపక్కనే, గదికొక చుక్క, వెనకనుంచి వెలుగు. మగ్గాల మోతలో పెరిగిన నాకు లోకంలో అంత నిశ్శబ్దమైన చోటు ఉంటుందని తెలియదు. నేతోళ్ళ పిల్లను కాబట్టి అది గుడ్డలా కనిపించిందని రాస్తే బాగుండేది. ఉల్లిపొరలాగే కనిపించింది. కానీ కన్ను తీయబుద్ధి కాలేదు. ముట్టుకోవద్దన్న రంగు సీసా కూడా ముట్టుకున్నాను. "బస్సు పోతదే" అని సుగుణక్క భుజం తట్టేదాకా నేను అక్కడ లేను.

"చెట్ల సదువు సదివి ఏం జేస్తవ్ బిడ్డా? చెట్లు ఊకెనే పెరుగుతయ్ గద," అన్నాడు బాపు ఆ సాయంత్రం.

"వాటికి మార్కులేస్త బాపు."

అమ్మ నవ్వింది. బాపు నవ్వలేదు. "రేపే ఆఖరంట. పోరగాండ్లందరు బీకాం వెట్టిన్రు. నువ్వొక్కదానివి అటు పోతె తోడెవ్వలు నీకు?"

సుగుణక్క గడపలో నిలబడి నావైపే చూస్తోంది.

"బాపూ, నాకు ఆ ఉల్లిపొర మళ్ళ సూడాల్నని ఉన్నది," అన్నాను.

బాపు నా చెయ్యి పట్టుకుని, ఎర్రబడ్డ వేళ్ళను లైటు వైపు తిప్పాడు. "సబ్బువెట్టి కడిగినవా?"

"కడిగిన. పోలే."

షెడ్డులో బట్ట తాను మీద అద్దకం చూసినట్టు బొటనవేలితో రుద్ది చూశాడు. "గట్టి రంగే," అన్నాడు. చెయ్యి వదిలి, "సరే, పెట్టుకో."

ఇప్పుడు అదే ల్యాబులో మొదటి సంవత్సరం పిల్లలకు నేను ఉల్లిపొర చూపిస్తున్నాను. మొన్న, బీర్పూర్ నుంచి వచ్చే ఒక పిల్లను ఈ గ్రూపు ఎందుకు తీసుకున్నావని అడిగాను.

"నేను తీస్కోలే మేడం, గా గ్రూపే నన్ను తీస్కున్నది."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, మంచి జోకే. నవ్వు ఆగిపోయాక కూడా ఆ పిల్ల బల్ల దగ్గరే నిలబడి ఉన్నాను.