వెర్లిన్ కుడికాలు

డార్లా కుబిచెక్ ట్రక్కు నడపడం నేర్చుకుంటోందని మా విల్బర్ ఊళ్లో అందరికంటే ముందు తెలిసింది నాకే. అందులో నా గొప్పేం లేదు, వాళ్లది మా ఎదురిల్లు. పైగా వాళ్లమ్మాయి జోలీన్‌కి మూడో తరగతి చెప్పింది నేనే. ఆ పిల్ల ఏడో ఎక్కం దగ్గర ఎంత ఏడిపించిందో! సర్లెండి, అటు పోతే మళ్లీ ఇటు రాలేను.

డార్లా అప్పటికి పంతొమ్మిదేళ్లుగా మా బడి వంటింట్లో పనిచేస్తోంది. మూడొందల మంది పిల్లల్ని ఒక్క కేకతో వరసలో నిలబెట్టే మనిషి. ఆమె భర్త వెర్లిన్ ఇరవై రెండేళ్లుగా ఒక కంపెనీ ట్రక్కు నడుపుతున్నాడు. ఆదివారం సాయంత్రం వెళితే శుక్రవారం రాత్రికి రావడం. శనివారం పెరట్లో గడ్డి కొయ్యడం, నిద్రపోవడం. మళ్లీ ఆదివారం.

"నేను పెళ్లాడింది మనిషిని కాదు టీచరుగారూ, శనివారాన్ని," అనేది డార్లా.

జోలీన్ పెళ్లయి లింకన్ నగరానికి వెళ్లిపోయాక మొగుడూ పెళ్లాలిద్దరూ ఒక ఆలోచన చేశారు. ఉద్యోగాలు రెండూ మానేసి సొంతంగా ఒక పాత నీలం ట్రక్కు కొన్నారు. ఒకరు నడుపుతుంటే ఒకరు సీట్ల వెనక తెర చాటున ఉండే పడక మీద నిద్రపోతారు. బండి ఆగే పని లేదు. జంటగా నడిపేవాళ్లయితే సరుకు సగం టైములో చేరుతుంది కాబట్టి మంచి లోడ్లన్నీ వాళ్లకే ఇస్తారట. యాభై నాలుగేళ్ల వయసులో డార్లా లైసెన్సు పరీక్షకి వెళ్లింది. మొదటిసారి తప్పింది, రెండోసారి పాసైంది.

"ఇక ఇరవై నాలుగ్గంటలూ ఇద్దరం ఒక్కచోటే," అని మురిసిపోయింది.

నేనూ మురిసిపోయాను. ఒకరు మేలుకున్నప్పుడు ఇంకొకరు నిద్రపోతుంటే ఇద్దరూ ఒక్కచోట ఉన్నట్టెలా అవుతుందో ఆమెకీ తట్టలేదు, నాకూ తట్టలేదు. జీవితమంతా పిల్లలకి లెక్కలు చెప్పినదాన్ని నేను!

అర్ధరాత్రి నుంచి మధ్యాహ్నం దాకా వెర్లిన్, మధ్యాహ్నం నుంచి అర్ధరాత్రి దాకా డార్లా. పన్నెండింటికి ఓ ఇరవై నిమిషాలు, మళ్లీ పన్నెండింటికి ఓ ఇరవై నిమిషాలు కలుసుకునేవాళ్లు. మధ్యాహ్నం పన్నెండంటే ఆయనకి రాత్రి భోజనం వేళ, ఆమెకి నిద్ర లేచి కాఫీ తాగే వేళ. ఆయన పంది మాంసం, క్యాబేజీ, డంప్లింగులనే ఉడికించిన పిండిముద్దలు అడిగేవాడు. ఈమెకి ఆ వాసన లేస్తూనే గిట్టేది కాదు. ఇద్దరికీ సరిపోతుందని ఒకసారి డంప్లింగుల మీద కోడిగుడ్డు వేసిందట. ఇద్దరూ తినలేకపోయారు.

ఏ ఊరో, ఏ వారమో తెలిసేది కాదు. అందుకని దిగిపోయేవాళ్లు స్టీరింగ్ మీద చీటీ అంటించడం మొదలుపెట్టారు. "మంగళవారం. యూటా. కాఫీ ఫ్లాస్కులో ఉంది. నువ్వు బాగున్నావా?" డార్లా కింద రాసేది: "బాగున్నాను. మంగళవారం కాదు, బుధవారం."

జోలీన్ ఫోన్ చేసి, "అమ్మా, ఎక్కడున్నారు?" అంటే, "ఉండవే, మీ నాన్న చీటీ చూసి చెప్తా," అనేదట.

ఇంతలో బండిలో ఒక చప్పుడు మొదలైంది. డబ్! డార్లా నడిపేటప్పుడు సరిగ్గా ఆమె సీటు వెనక నుంచి వచ్చేది. ఎర్ర లైటు దగ్గర డబ్. పల్లం దిగుతుంటే డబ్. ముందు కారు కాస్త నెమ్మదించినా డబ్. వెర్లిన్ కూడా విన్నాడు. ఆ చప్పుడుకే ఆయనకి నిద్ర చెడిపోతోంది. అలా కునుకు పడుతుంది, డబ్ అంటుంది, మెలకువ వస్తుంది. విచిత్రమేంటంటే, వెర్లిన్ నడిపేటప్పుడు ఆ చప్పుడు ఉండదు.

"నువ్వు బ్రేకు మొరటుగా తొక్కుతున్నావే. ఏదో వదులైపోయింది," అన్నాడు వెర్లిన్.

"నేను తొక్కకముందే వస్తోందయ్యా చప్పుడు!" అంది డార్లా.

ఇంటికొచ్చినప్పుడు మా ఊరి మెకానిక్ ఎమిల్ షిమెక్‌కి చూపించారు. ఎమిల్ కింద దూరాడు, పైన ఎక్కాడు, తానే ఊరు చుట్టూ నడిపి చూశాడు. చప్పుడు లేదు. చివరికి, "రోజూ ఎలా వెళతారో అలాగే వెళ్లండి, నేను పక్కన కూర్చుంటా," అన్నాడు. డార్లా స్టీరింగ్ దగ్గర కూర్చుంది. వెర్లిన్ పడక మీదికి చేరాడు, రాత్రంతా నడిపి వచ్చాడేమో వెంటనే కళ్లు మూశాడు. మొదటి స్టాప్ గుర్తు దగ్గర డబ్! ఎమిల్ తెర పక్కకి లాగి చూశాడు. రెండో స్టాప్ గుర్తు దాకా అలాగే చూస్తూ కూర్చున్నాడు. తర్వాత తెర మూసేశాడు.

"ఏమ్మా డార్లా, బండికేం లేదు. మీ ఆయన కాలే చెడిపోయింది."

ఆ మాట వారం రోజులు ఊరంతా తిరిగింది. వెర్లిన్ నిద్రలోనే కుడికాలితో పడక దగ్గరి గోడని తన్ని బ్రేకు వేస్తున్నాడన్నమాట. ఆ చప్పుడుకి తానే లేస్తున్నాడు. డార్లా నవ్వి నవ్వి చివరికి ఏడ్చింది. ఎందుకేడుస్తోందో నాకర్థం కాలేదు. "పెళ్లయి ముప్ఫై ఒక్కేళ్లయింది టీచరుగారూ, ఇంకా ఆ కాలికి నా మీద నమ్మకం లేదు," అన్నాక కొంచెం అర్థమైంది.

ఆ గోడకి దిండు కట్టి చూశారు. మెత్తగా దిగబడేసరికి బ్రేకులు పోయాయని కలగని, "దూకెయ్, దూకెయ్!" అని అరిచాడట వెర్లిన్. దిండు తీసేశారు. నిద్రమాత్ర వేసుకుంటే తర్వాత నడపడం కుదరదు. బూట్లతో పడుకున్నాడు, చప్పుడు పెరిగింది.

వెర్లిన్ ఒక విషయంలో గట్టివాడు. నిద్ర లేకుండా స్టీరింగ్ ముట్టుకోడు. తన వంతు రాగానే బండి ఎక్కడో ఆపి, ఆగిన బండిలో హాయిగా గుర్రుపెట్టేవాడు. అలా ఆపుకుంటూ పోతే ఇక జంటగా తిరగడం ఎందుకు? సరుకు ఆలస్యమయ్యేది. లోడ్లు ఇచ్చేవాళ్లు సణిగేవాళ్లు.

"మొదటి మంచు పడేలోగా నాకు నిద్ర పట్టకపోతే బండి అమ్మేద్దాం. నేను పాత కంపెనీలో చేరతా, నువ్వు బడికి పో," అన్నాడు.

డార్లాకి వినిపించింది ఒకటే మాట: శనివారం.

అక్టోబరు చివర సాల్ట్ లేక్ సిటీకి ఒక లోడు వచ్చింది. కోడిగుడ్లు పెట్టే అట్టలు. వెనక తగిలించిన ట్రైలర్ నిండా ఉన్నా బరువు లేదు. మధ్యాహ్నం దారిలో షయాన్ ఊళ్లో డార్లా స్టీరింగ్ తీసుకుంది, వెర్లిన్ తెర వెనక్కి వెళ్లాడు. గాలి లేచింది. ట్రైలర్‌ని పక్కకి నూకుతోంది. ఖాళీ బండ్లు, తేలిక బండ్లు జాగ్రత్త అని రోడ్డు మీద బోర్డులు వెలిగాయి. వెనక నుంచి డబ్, డబ్, డబ్. మద్దెల వాయించినట్టే.

లారమీ ఊరు రాగానే డార్లా బండి రోడ్డు దింపి ట్రక్కులు ఆగే చోట పెట్టేసింది.

తెర లోంచి వెర్లిన్ తల బయటికొచ్చింది. "ఎందుకాపావ్?"

"గాలి."

"ఇది వయోమింగే తల్లీ. ఇక్కడ గాలి ఆగిపోతే, దానికి ఆనుకుని నిలబడ్డ కోళ్లు బోర్లా పడతాయంటారు. పోనీ."

"నాకు భయమేస్తోంది."

"ఎవరికి?"

"నాకే. ఇంకెవరున్నారిక్కడ?"

"నీకా? సుడిగాలొస్తుంటే సెల్లారులోకి దిగవే అంటే వరండాలో కాఫీ పట్టుకుని చూస్తూ నిలబడ్డావు నువ్వు!"

"అప్పుడు నా వెనక నువ్వు పడుకుని లేవుగా."

వెర్లిన్ ముందుకొచ్చి పక్క సీట్లో కూర్చున్నాడట. ఈ ముక్క వెర్లినే చెప్పాడు.

మూడు గంటలు అక్కడే కూర్చున్నారు. డార్లా చేసి తెచ్చిన కొలాచీలనే తీపి బన్నులు, ప్రూన్ పళ్ల గుజ్జు పెట్టినవి, తిన్నారు. బండి కొన్నాక ఇద్దరూ మెలకువగా అంతసేపు పక్కపక్కన కూర్చోవడం అదే మొదలు. ఏం మాట్లాడుకోవాలో తెలియలేదట. గ్యారేజీ తలుపుకి ఏ రంగు వేయాలో మాట్లాడుకున్నారు. కళ్లెదురుగా ఎన్నో ట్రక్కులు వెళ్లిపోతున్నాయి. ఒక్కటీ బోల్తా పడలేదు.

"చూశావా, అందరూ పోతున్నారు," అన్నాడు వెర్లిన్.

"చూస్తూనే ఉన్నా. నేను పోను," అంది డార్లా.

బోర్డులు ఆరిపోయాక వెర్లిన్ మళ్లీ తెర వెనక్కి చేరాడు, డార్లా బయల్దేరింది. ఆలస్యమని సాల్ట్ లేక్ వాళ్లకి ఫోన్ చేసి తిట్లు తింది. కొండ దగ్గర మలుపు తిరిగింది. పల్లం దిగింది. ఏదో తేడాగా అనిపించింది. అద్దాలు చూసుకుంది. గేజీలు చూసుకుంది. అన్నీ బాగానే ఉన్నాయి. కాసేపటికి తెలిసింది, చప్పుడు రావడం లేదు!

కావాలని బ్రేకు మీద కాలేసింది. వెనక నుంచి చప్పుడు లేదు. కాస్త గట్టిగా వేసింది. ఉహూఁ.

"వెర్లిన్!" అని కేకేసింది. మూడొందల మంది పిల్లల్ని నిలబెట్టిన కేక అది. జవాబు లేదు. రాలిన్స్ ఊరికి ఇవతల బండ్లు ఆపుకునే రెస్ట్ ఏరియా వచ్చేదాకా ఎలా నడిపిందో తెలియదంటుంది. బండి ఆపి, తెర లాగింది. వెర్లిన్ పక్కకి తిరిగి ఉన్నాడు. నోరు తెరుచుకుని ఉంది. కుడికాలు ఎడమకాలి కింద ముడుచుకుని ఉంది. ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూసింది. ఆ కంగారులో ఊపిరేం తెలుస్తుంది? రెండు భుజాలూ పట్టుకుని కుదిపేసింది.

"ఏమైంది? గుద్దావా?" అని లేచి కూర్చున్నాడు.

"లేదు. నువ్వు తన్నలేదు."

"ఏంటీ?"

"గంటన్నర నుంచి ఒక్కసారి కూడా తన్నలేదు. పోయావనుకున్నా."

"నిద్రపోతున్నానే పిచ్చిమొహమా!"

"నాకెలా తెలుస్తుంది? కదిలే బండిలో నువ్వు నిద్రపోవడం నేనెప్పుడైనా చూశానా?"

వెర్లిన్ తన కాలు చూసుకున్నాడట, ఎవరిదో అన్నట్టు. తర్వాత గోడ వైపు తిరిగి, "ఇప్పుడు పడుకోనిస్తావా?" అన్నాడు. మళ్లీ నిద్రపోయాడు. అర్ధరాత్రి దాకా లేవలేదు.

ఆ పై వారం మా ఊళ్లో మొదటి మంచు పడింది. బండి అమ్మలేదు.

నాకు మాత్రం అంతుపట్టలేదు. ఓ ఆదివారం వాళ్లు ఇంట్లో ఉంటే వెళ్లి అడిగేశాను. "ఆవిడ భయపడిందన్నావు, బండి ఆపేసిందన్నావు. అలాంటప్పుడు నమ్మకం పోవాలి గానీ ఎలా వచ్చిందయ్యా?"

వెర్లిన్ తల గోక్కున్నాడు. "నాకూ సరిగ్గా తెలీదు టీచరుగారూ. డార్లా దేనికీ ఆగదేమోననే అన్నాళ్లూ నా భయం. ఆగుతుందని తెలిసింది. భయపడేవాళ్ల బండిలో నిద్ర పడుతుందనుకుంటా."

"అదేం కాదు. కొలాచీలు ఎక్కువ తిన్నాడు," అంది డార్లా.

ఎవరు చెప్పింది నిజమో నాకు తెలియదు. అదే రోజు ముగ్గురం వాళ్ల కారులో చర్చికి బయల్దేరాం. డార్లా నడుపుతోంది, నేను పక్కన కూర్చున్నాను, వెర్లిన్ వెనక. మలుపు దగ్గర నా సీటు వీపు మీద డబ్!

"ఇదేంటయ్యా, నయమైందన్నావుగా!" అన్నాను ఉలిక్కిపడి.

"ట్రక్కులోనే నయమైంది," అన్నాడు వెర్లిన్ వెనక నుంచి. "కారులో డార్లాకింకా భయం రాలేదు టీచరుగారూ, చూడండి ఎలా తోలుతోందో."