బయాలజీ అక్క మైకులో చెప్పిన పాఠం

పొద్దున బడికి బయలుదేరుతుంటే మా హెడ్మాస్టరు ఫోన్ చేశారు. "మేడం, మీ అక్క పోయింది. ఛాతీల నొప్పి అంటే మంచిర్యాల దవఖానకు తీస్కపోయిన్రట. తొవ్వలనే పాణం పోయిందట" అన్నారు. చెప్పులు వేసుకుంటున్నదాన్ని అలాగే గడపలో కూర్చుండిపోయాను. ఆయన "మీ అక్క" అన్నది నా తోబుట్టువును కాదు. బెల్లంపల్లి పక్కన మా సర్కారు బడిలో బయాలజీ చెప్పే టీచర్‌ని. నేను అదే బడిలో తెలుగు చెబుతాను. స్టాఫ్‌రూంలో మా ఇద్దరికీ ఒకటే బల్ల. నేను "అక్కా" అంటే ఆమె "ఏందే" అనేది. అలా ఏళ్ళ తరబడి పిలుచుకుని బడి మొత్తానికి అక్కాచెల్లెళ్ళమైపోయాం.

ఈ నాలుగు మాటలు ఏడ్చుకుంటూ రాయాలని కూర్చోలేదు. అలా రాస్తే ముందు ఆమెకే ఒళ్ళు మండుతుంది. ఆమె ఉన్నచోట ఎప్పుడూ ఒక గోల ఉండేది. "ఇటు రాండ్రి, జల్ది రాండ్రి, గిది చూడుండ్రి!" అని. చెట్టు మీద గొంగళిపురుగు గూడు కట్టినా అంతే, బడి వెనక వాననీళ్ళలో కప్పగుడ్లు కనబడినా అంతే. పిల్లలకంటే ముందు తనే ఉరికేది. మోకాళ్ళ నొప్పులని మందులు మింగే మనిషి! ఉరికేటప్పుడు ఆ నొప్పులు ఎటు పోయేవో నాకు ఈనాటికీ తెలియదు.

ఆదివారం వాళ్ళింట్లో కోడికూర వండితే సోమవారం ఆమె సంచిలో ఆ కోడి ఎముకలుండేవి, మా మాటలో బొక్కలు. రెక్క బొక్కల్ని మళ్ళీ ఉడకబెట్టి, మాంసం గీకి, సబ్బుపొడితో కడిగి, గోడ మీద ఎండబెట్టి తెచ్చేది. తెచ్చి ఎక్కడ పెట్టేది? సరిగ్గా నా అన్నం డబ్బా పక్కన! "అక్కా, నీకు దండం పెడత, గివి ఇక్కడికెల్లి తియ్యి" అని నేను అరిస్తే, "నిన్న నువ్వు చీకి పారేసినవి గవే కదనే, ఇయ్యాల ఎందుకంత రోత?" అని పడీపడీ నవ్వేది. ఆ బొక్కలతోనే ఆమె ఏటా పదో తరగతికి పరిణామం పాఠం చెప్పేది.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఆమెది మెథడిస్టు కుటుంబం. ఆదివారం తెల్లచీర కట్టుకుని చర్చికి వెళ్ళి, గొంతెత్తి పాటలు పాడి వచ్చేది. సోమవారం బడికొచ్చి, కోట్ల ఏళ్ళలో ప్రాణులు ఎలా మారుతూ వచ్చాయో చెప్పేది. చర్చిలో పెద్దమ్మలు ఊరుకుంటారా? "గిదేం చదువమ్మా, దేవుడు చేసిండని చెప్పక?" అని పట్టుకునేవాళ్ళు. "ఆయన ఎట్ల చేసిండో దగ్గరికి పోయి చూస్తున్న పెద్దమ్మా. చూస్తే ఆయనకు కోపమెందుకొస్తది?" అనేది. పెద్దమ్మలు పాటల పుస్తకాలు చంకన పెట్టుకుని ఇళ్ళదారి పట్టేవాళ్ళు.

అసలు గొడవ పోయినేడు మొదలైంది. మా బడి కమిటీకి ఒక పెద్ద ఉన్నాడు. పేరెందుకు గానీ, నాయకుడనే అందాం. ఊళ్ళో ఎలక్షన్లు దగ్గరపడుతున్నాయి, ఆయనకు నిలబడాలని ఉంది. ఒకరోజు నలుగురిని వెంటబెట్టుకుని హెడ్మాస్టరు గదిలోకి వచ్చాడు. "ఢిల్లీల అచ్చేసే పుస్తకంలకెల్లే గా పరిణామం పాఠం పీకేసిన్రు. మనకెందుకు సారూ? మనిషి కోతికి పుట్టిండని చెప్పుడేంది? అదీ చర్చికి పోయే టీచర్ మా పిల్లలకు చెప్పుడు! ఇంకోటి, బొగ్గు కాలిస్తే లోకం ఖరాబైతదని చెప్తుందట. బాయిలు మూసేస్తందుకు గిట్ల పిల్లల మనసులు మారుస్తున్రా? రెండు పాఠాలు బంద్ చెయ్యాలె, లేకుంటే ఆమెను ఈడికెల్లి పంపియ్యాలె" అన్నాడు. మా దగ్గర బొగ్గుగనిని బాయి అంటారు. బాయి మాట ఎత్తితే ఎవరికైనా గుండె దడదడలాడుతుంది, ఎందుకంటే సగం ఇళ్ళలో అన్నం దానిమీదే ఉడికింది. ఆయనకు ఆ సంగతి బాగా తెలుసు.

హెడ్మాస్టరు చెమటలు తుడుచుకుంటున్నారు. అక్క నెమ్మదిగా, "పుస్తకంల ఉన్నది చెప్తున్న. మన పుస్తకంల ఇంకా ఉన్నది కదా" అంది. నాయకుడికి రోషం వచ్చింది. "దమ్ముంటే గదే పాఠం పిల్లల ముందట కాదు, వాళ్ళను కన్న అవ్వ బాపుల ముందట చెప్పు. వాళ్ళే తేలుస్తరు!" అన్నాడు.

అక్క కళ్ళు ఎలా మెరిశాయో నేను చూశాను. "మైకు పెడతవా?" అంది.

"పెడత."

"షామియానా?"

"ఏపిస్త."

"చాయ్?"

ఆయన బిత్తరపోయి, "చాయ్ గూడ పోపిస్త" అన్నాడు. "అయితే ఐతారం పెట్టు, బాయి డ్యూటీలుండయ్. అందరొస్తరు" అని చెప్పి ఆమె క్లాసుకు వెళ్ళిపోయింది.

నేను వెనకాలే ఉరికాను. "నీకేమన్న పిచ్చి లేసిందా అక్కా? జనం తిరగబడితే? నిన్ను ఎటో అడవిలకు బదిలీ చేస్తే?" అన్నాను. ఆమె ఆగి నా చెయ్యి పట్టుకుంది. "నాకు సుత భయమే అయితుందే. కానీ గీ ఒక్కసారి ఊకుంటే ఇగ ఎవ్వలు చెప్పరు. నేను పోయినంక వచ్చేటోళ్ళు గా పేజీలు తిప్పేసి పోతరు. తెల్వదు అనుడు తప్పు కాదు. పిల్లలకు తెల్వద్దు అనుడు తప్పు" అంది.

ఆ ఆదివారం బడి మైదానం చూడాలి! జాతరలా ఉంది. చంకల్లో పిల్లలతో తల్లులు, బాయి నుంచి రిటైరైన పెద్దమనుషులు, మగ్గాల పని చేసేవాళ్ళు, చర్చి పెద్దమ్మలు, ఎవరూ మిగల్లేదు. నాయకుడు కొత్త తెల్లచొక్కా వేసుకుని ముందువరుసలో కూర్చున్నాడు. ఆయన చేసిన పొరపాటు ఒకటే. వచ్చినవాళ్ళలో సగంమంది అక్క దగ్గర చదువుకున్నవాళ్ళే. ఆమె మైకు పట్టుకోగానే పిల్లల తండ్రులు కూడా బీడీలు పారేసి సర్దుక్కూర్చున్నారు!

"ఇయ్యాల ఎంతమంది కోడి తిన్నరు?" అని అడిగింది. చేతులే చేతులు. "రెక్క తిన్నోళ్ళు?" నవ్వులు, మళ్ళీ చేతులు. ఆమె సంచిలోంచి బొక్కలు తీసి పైకెత్తింది. "గిదో, భుజం కాడ ఒకటే బొక్క. దానికింద రెండు బొక్కలు. దాని చివరకు సన్నయి. ఇగ మీ చేతులు పట్టి చూసుకోండ్రి. మోచేతికి మీద ఎన్ని? కింద ఎన్ని?"

ఓరి దేవుడా, ఆ దృశ్యం! మైదానం మొత్తం తమ చేతులు తామే పిసుక్కుంటోంది. "ఒకటి… కింద రెండున్నయే!" "అవునే, నాకు సుత రెండే!" ముసలమ్మలు పక్కవాళ్ళ చేతులు కూడా పట్టి చూస్తున్నారు. ముందువరుసలో నాయకుడు తెల్లచొక్కా చేతిని పైకి మడిచి, అందరితోపాటు తన మోచేతి కింద నొక్కి చూసుకుంటున్నాడు. నేను నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకున్నాను.

"గబ్బిలానికి గట్లనే, కుక్క కాలుకు గట్లనే. పని వేరే, కట్టిన తీరు ఒక్కటే" అంది అక్క. వెనకనుంచి ఒకాయన లేచి, "అంటే మేం కోతికి పుట్టినమా టీచర్?" అని గట్టిగా అడిగాడు. "మీ పెద్దనాయిన కొడుకు నీకేమైతడు?" "అన్న." "నువ్వు మీ అన్నకు పుట్టినవా?" "అదేం మాట!" "మరి? మీ ఇద్దరికీ తాత ఒక్కడే. గంతే. కోతి మనకు తాత కాదు, చానా దూరపు అన్నదమ్ముడు. ఇద్దరికీ ముత్తాతల ముత్తాత ఒక్కడు ఉండె, వాడు ఇటు మనిషి కాదు, అటు కోతి కాదు." ఆయన తల ఊపి, "గట్ల చెప్పు మరి!" అని కూర్చున్నాడు. చప్పట్లు మోగాయి.

బొగ్గు దగ్గరికొచ్చేసరికి మాత్రం ఎవరూ నవ్వలేదు. ఎండలు ఎందుకు ముదురుతున్నాయో, బొగ్గు కాలితే వచ్చే గాలి భూమి మీద దుప్పటిలా ఎలా కప్పుకుంటుందో ఆమె చెబుతుంటే కనకయ్య తాత లేచి నిలబడ్డాడు. జీవితమంతా బాయిలో దిగి పనిచేసినవాడు. "అయితే మేం తవ్వింది తప్పంటవా బిడ్డా? మేం లోకాన్ని కాలవెట్టినమంటవా?" అన్నాడు.

అక్క మైకు పక్కన పెట్టి ఆయన దగ్గరికి నడిచింది. మాకు వినబడాలని గట్టిగానే చెప్పింది. "మా బాపు సుత బాయిలనే పనిచేసిండు తాతా. గా జీతంతోటే నేను టీచర్‌నైన. బొగ్గు మనకు బువ్వ పెట్టింది, అది నిజం. అది కాలితే ఎండ ముదురుతది, అది సుత నిజం. తవ్వినోళ్ళది తప్పని నేనెన్నడు అనలే, అన. కానీ బాయిలు ఒక్కొక్కటి మూతపడవట్టె. నీ మనుమడు రేపు ఏం పనికి పోవాలె? రెండో నిజం వానికి చెప్పకుంటే వాడెట్ల తెల్సుకుంటడు?"

తాత తువ్వాలుతో మొహం తుడుచుకుని, "వానికి చెప్పు తల్లీ. మాకైతే ఎవ్వలు చెప్పలే" అన్నాడు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చివరికి తేల్చాల్సిన నాయకుడు మైకు తీసుకుని రెండుసార్లు దగ్గి, "అందరు చాయ్ తాగి పోండ్రి" అన్నాడు. ఇంకేమంటాడు పాపం!

అంతటితో ఆయన వదల్లేదు. పైకి ఫిర్యాదు పంపాడు. అక్కకు సంజాయిషీ అడుగుతూ మెమో వచ్చింది. "పుస్తకంలో ఉన్న పాఠం చెప్పాను, మళ్ళీ చెబుతాను" అని ఒక్క వాక్యం రాసి ఇచ్చింది. ఆ తర్వాత అటునుంచి ఉలుకూ లేదు పలుకూ లేదు. ఈ ఏడు ఆ పాఠం ఇంకా మొదలుపెట్టకముందే ఆమె వెళ్ళిపోయింది.

ఆమె భయపడిందే జరిగేలా కనబడింది. కొత్త టీచర్ రాలేదు, పరీక్షలు దగ్గరికొచ్చాయి. "కష్టమైన పాఠాలు వదిలేద్దాం మేడం, ఎందుకు లేనిపోని పరేషాన్" అన్నారు హెడ్మాస్టరు. నాకు కోపం ముంచుకొచ్చి, పుస్తకం పట్టుకుని నేనే పదో తరగతిలోకి వెళ్ళాను. ఏం లాభం? "యుగ్మవికల్పకం" అన్న మాటలో సమాసం చెప్పగలను గానీ అదేమిటో చెప్పలేనే! పిల్లలు నా మొహం చూస్తున్నారు, నేను పుస్తకం చూస్తున్నాను.

అప్పుడు తలుపు దగ్గర నాయకుడు కనబడ్డాడు. ఆయన బిడ్డ ఈ ఏడు అదే క్లాసులో ఉంది. నేను బయటికొచ్చి, "టీచర్ పోయింది, పాఠం ఆగింది. ఇప్పుడు కడుపు చల్లబడ్డదా?" అని అనేశాను. ఆయన తల దించుకున్నాడు. "అనుండ్రి మేడం. గా ఐతారం ఆమె చెప్పిందంతా నా ఫోన్ల రికార్డు చేసిన, ఫిర్యాదుకు సాక్ష్యం ఉండాలెనని. పంపిన, ఎవ్వలు ఇనలే. టీచర్ పోయిందని తెల్సినంక ఇంట్ల పెట్టుకొని ఇన్న. మా బిడ్డ పక్కన కూసొని ఇన్నది. ఇది అందరికి ఇనిపియ్యి బాపూ అన్నది" అని జేబులోంచి ఫోనూ, చేతిసంచిలోంచి ఒక చిన్న స్పీకరూ తీశాడు.

స్పీకరు తీసుకెళ్ళి ఆమె బల్ల మీద పెట్టాను. కాసేపు గరగరమంది, జనం గోల వినబడింది, ఎవరో పిల్ల ఏడ్చింది. ఆ తర్వాత మైకు మీద వేలితో కొట్టిన చప్పుడు, దానివెనకే మా అక్క గొంతు.

"వెనకోళ్ళకు ఇనబడుతుందా?"

పదో తరగతి మొత్తం ఒక్కసారిగా లేచి నిలబడి అరిచింది. "ఇనబడుతుంది టీచర్!"