అక్కకు పెట్టిన పథ్యం

మా ఎదురింటి కోడలికి టీబీ అని తేలినప్పటి నుంచి ఆశా కార్యకర్త నెలనెలా ఒక సంచి మోసుకొచ్చి ఇస్తోంది. అందులో వేరుశనగ గుళ్ళు, బెల్లం, పప్పులు, ఏదో పిండి డబ్బా ఉంటాయి. మొన్న ఆమె వచ్చినప్పుడు నేనూ వాళ్ళ అరుగు మీదే కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాను. కోడలి అత్తగారు ఏమేమి పథ్యం ఉండాలో చెప్పమని అడిగితే ఆ కార్యకర్త పిల్ల నవ్వేసి, "పథ్యం గిథ్యం ఏం లేదక్కా, మాత్రలు మానకుండా ఏసుకోవాల, చేపలు, గుడ్లు, పప్పు బాగా తినాల. ఈమె ఒక్కతే కాదు, ఇంట్లో అందురూ కడుపునిండా తినండి. వొంట్లో సత్తువుంటే ఈ జబ్బు అంత సులువుగా పట్టుకోదు" అని చెప్పి తన దోవన తాను పోయింది. ఆ మాట వినడం నాకది రెండోసారి. మొదటిసారి విన్ననాడు నాకు పదమూడేళ్ళు, పక్కన మా నాయన ఉన్నాడు.

మాది వాకాడు వైపు సముద్రపొడ్డున చేపలు పట్టుకునే పల్లె. నాకు ఊహ తెలియకముందే అమ్మ పోతే, నాకంటే ఆరేళ్ళు పెద్దదైన మా అక్కే నాకు తల దువ్వి, ముళ్ళు తీసి చేప ముక్క నోట్లో పెట్టి పెంచింది. నాయనా ఇద్దరన్నలూ వేటకు పోయేవాళ్ళు, ఇంటి పెత్తనమంతా నాయన తల్లి, మా అవ్వది. వలలో పడిన వంజరాలు, పెద్ద రొయ్యలు గంపలకెక్కి నాయుడుపేట బజారుకు పోయేవి, ఎవరూ కొనని చిన్న చేపలు మా పొయ్యి మీదికి వచ్చేవి. ఆ పులుసులోనైనా మొదటి గరిటె వల లాగే వాళ్ళకు, ఆఖరి గరిటె అక్కకు. మా తరం వాళ్ళకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. పాలసొర చేప పడితే మాత్రం అమ్మకుండా, తల్లికి పాలు పడతాయని పల్లెలో బాలింత ఉన్న ఇంటికి పంపేవాళ్ళు, కాబట్టి తిండికీ ఒంటికీ ఉన్న సంబంధం మావాళ్ళకు తెలియదంటే నేను ఒప్పుకోను.

అక్కకు పందొమ్మిదో ఏట దగ్గు పట్టుకుంది. సాయంత్రమయ్యేసరికి జ్వరం, రోజురోజుకీ జాకెట్టు వదులు. నాయన ఆమెను బస్సెక్కించి నాయుడుపేట డాక్టరుకు చూపించి తెచ్చాడు. ఇద్దరూ వాకిట్లో చెప్పులు విడుస్తుండగానే అవ్వ ఎదురెళ్ళి ఏమన్నాడని అడిగింది. "రోజూ మాత్రలు మింగాలంట. పథ్యం గట్టిగా ఉండాలని చెప్పినాడు" అన్నాడు నాయన. అవ్వకు కావలసిందీ అదే. చేప కఫమనీ, గుడ్డు వేడనీ, పెరుగు దగ్గనీ ఒక్కొక్కటే మాన్పించి, జావా చారన్నంతో సరిపెట్టింది. నేను ఉండబట్టలేక నా కంచంలోంచి ఒక ముక్క అరచేతిలో దాచి తీసుకుపోతే, అక్క దాన్ని వాసన చూసి, "నాకు సయించదమ్మే, నువ్వు తిను" అని ముళ్ళు తీసి నా నోట్లోనే పెట్టేది. రోజూ అదే వరస. ఖాళీ కడుపున మాత్రలు ఇమడక వాంతులయ్యేవి. చివరికి వాటిని మింగినట్టు నటించి చూరులో దోపేదని, ఆమె పోయాక, వానలకు ముందు కొత్త కప్పు వేయడానికి పాతది విప్పితే తెలిసింది.

ఏడాది తిరక్కుండా అదే దగ్గు నాకూ వచ్చింది. నాయన నన్నూ ఆ డాక్టరు దగ్గరికే తీసుకుపోయాడు. ఆయన నా చెయ్యి పట్టుకుని చూసి నాయన మీద అరిచాడు. "పెద్దబిడ్డను తెచ్చిననాడే చెప్పినాను కదయ్యా, మాత్రలతో పాటు చేపలు, గుడ్లు పెట్టమని! దానికే కాదు, చిన్నదానికీ పెట్టు, లేకుంటే దీనికీ వస్తాదని! చేపలు పట్టే ఇంట్లో బిడ్డకు ఎముకలేందయ్యా?" నాయన తలగుడ్డ విప్పి చేతిలో మడతపెట్టుకుంటూ నిలబడ్డాడే గానీ, లేదు నువ్వు చెప్పలేదు అనలేదు.

ఆ రోజు నుంచి నా కంచంలో వంజరం ముక్క పడింది. అవ్వ పథ్యమని నోరెత్తితే నాయన కసిరి కొట్టాడు. నేను తిన్నాను, మాత్రలు ఇమిడాయి, బతికాను. అక్క విషయంలో ఆయన ఎందుకలా చేశాడో ఎన్నడూ చెప్పలేదు, నేనూ అడగలేదు. వల లాగే వాళ్ళ కడుపు ముందు చూసుకున్నాడనీ, కాటికి కాళ్ళు చాపిన ఆడపిల్లకు మంచి చేప దండగనుకున్నాడనీ ఆయన తరఫున నేనే సంజాయిషీలు వెతుక్కున్నాను. పెట్టలేనమ్మా అని ఉంటే అక్క అర్థం చేసుకునేది. కానీ బతికించే మాటను చంపే మాటగా మార్చి, దాన్ని డాక్టరు నోట పెట్టాడు. అందుకు ఆయన పోయిన ఇన్నేళ్ళకు కూడా నా మనసు కరగలేదు.

నాకు పిల్లలు పుట్టాక గానీ ఇంకో సంగతి తట్టలేదు. ఆనాడు డాక్టరు గదిలో అక్క కూడా ఉంది, తనకేం పెట్టమన్నాడో, నాకేం పెట్టమన్నాడో రెండూ వింది. వాకిట్లో నాయన అబద్ధమాడినప్పుడు పక్కనే చెప్పులు విడుస్తోంది. విని, ఊరుకుని, నేను దాచి తెచ్చిన ముక్క కూడా తిరిగి నా నోట్లోనే పెట్టింది. అందరూ దాన్ని ప్రేమంటారు. నాకు మాత్రం కడుపు మండుతుంది. నన్నొక్క మాట అడిగిందా? అమ్మ లేని దాన్ని, ఆమె కూడా లేకుండా ఎలా బతుకుతాననుకుంది?

ఇప్పుడు కాలం మారింది. ఆ మాట డాక్టరు గది నుంచి ఇంటికొచ్చే దారిలో మారిపోకుండా, అరుగు మీద నలుగురి ముందూ గట్టిగా వినిపిస్తోంది. అయినా నాకు నమ్మకం చాలదు. అన్నం వేళకు పులుసు గిన్నె తీసుకుని ఎదురింటికి పోయి కూర్చుంటున్నాను, అత్తగారు మూతి ముడుచుకుంటే ముడుచుకోనీ. నిన్న ఆ కోడలు ముక్కను వేలితో పక్కకు జరిపి, "నాకు సయించడంలేదు పెద్దమ్మా, పాపకు పెడతాను" అంది. పాపకు వేరే ఉంది, నువ్వు తినమని చెప్పి, ముల్లు తీసి ఆమె చేతికిచ్చి, నమిలి మింగేదాకా అక్కడే కూర్చున్నాను. సయించదన్న మాట నమ్మి ఒకసారి తిన్నదాన్ని, ఇంక ఎవరు చెప్పినా నమ్మను.